అందరూ తిరిగి వచ్చారు

ఫోన్ మోగినప్పుడు నేను మా ఆయన చొక్కాకి బొత్తాం కుడుతున్నాను. చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది. పెళ్ళయి ఐదు వారాలు. బొత్తాం ఊడినా సంబరపడే రోజులు.

"ఓటింగ్ అయిపోయింది," అన్నారు ఫోన్‌లో టీచరుగారు. పడవల క్లబ్ కార్యదర్శి ఆవిడ, రిటైరైన లెక్కల టీచరు. "ముప్పై ఒక్క చేతులూ లేచాయి. మీ ఆయన్ని చేర్చుకున్నాం. రేపటి పడవ పందెంలో దిగొచ్చు. అమ్మాయ్, నువ్వు హిస్టరీ ఎం.ఏ. కదా? క్లబ్‌కి యాభై ఏళ్ళు నిండుతున్నాయి, చరిత్ర రాసిపెట్టు."

ఆయన గంతేశాడు. సూది నా వేలికి గుచ్చుకుంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

మధ్యాహ్నానికల్లా క్లబ్‌లో ఉన్నాం. అక్కడ జీతగాళ్ళెవరూ లేరు. పనులన్నీ సభ్యులవే. తెరచాపలు కుట్టేది దర్జీ బాబాయి. అధ్యక్షుడూ ఆయనే, అందరికీ బాబాయే. పడవలు కట్టేసే జెట్టీకి పలకలు మార్చేది పోస్టుమాన్. పడవలు ఒడ్డుకి చేరాక డ్యూటీలో ఉన్నవాళ్ళు పుస్తకంలో "అందరూ తిరిగి వచ్చారు" అని రాస్తారు, నీళ్ళ మీదికి వెళ్ళొచ్చినవాళ్ళంతా కింద సంతకం పెడతారు. అప్పుడే, ఎవరైనా రాకపోతే వెతకడానికని సిద్ధంగా ఉంచిన పడవని షెడ్డులోకి తోసి, గేటుకి తాళం వేస్తారు.

మా ఆయన పడవ చూసుకోవడానికి పరిగెత్తాడు. నేను సామాన్ల గదిలో టీచరుగారి పక్కన పాత డ్యూటీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. వార్నిష్ వాసన. గోడకి వేలాడుతున్న లైఫ్ జాకెట్లు తలల్లేని మనుషుల్లా ఉన్నాయి. అయినా నాకు సరదాగానే ఉంది. ఒకచోట "గాలి లేదు, పేకాట ఉంది" అని రాసి ఉంటే గట్టిగా నవ్వేశాను.

ఇరవై మూడేళ్ళ కిందటి ఒక పేజీలో తొమ్మిది సంతకాలున్నాయి. చివరి సంతకం కింద చిన్న పడవ బొమ్మ.

"ఎంత ముద్దుగా ఉందో! ఎవరండీ ఈయన? ఈ బొమ్మ మన చరిత్ర పుస్తకం అట్ట మీద వేద్దాం."

టీచరుగారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడిచారు. తుడుస్తూనే ఉన్నారు.

"మా ఆయన."

"ఇప్పుడెక్కడున్నారు?"

ఆవిడ గడ్డంతో కిటికీ అవతలి నీళ్ళవైపు చూపించారు. "ఆ రోజు వెళ్ళినవాడు రాలేదు."

నేను మళ్ళీ పేజీ చూశాను. అందరూ తిరిగి వచ్చారు. "మరి సంతకం?"

"పొద్దున్నే పెట్టేసేవాళ్ళం. సాయంత్రం ఒళ్ళు హూనమై వస్తాం కదా, ఓ పని అయిపోతుందని. సంతకాలన్నీ ఉన్నాయి కాబట్టి అందరూ వచ్చేసినట్టే అనుకున్నారు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు. గేటుకి తాళం పడింది. నేనేమో ఇంట్లో కూర్చుని, కబుర్లలో పడ్డాడులే అనుకున్నా. తెల్లారాక గానీ ఎవరూ వెతకలేదు."

"ఆ పేజీ దిద్దలేదేం?"

"ఓటింగ్ పెట్టాం. దిద్దితే మిగతా ఎనిమిది మందీ అబద్ధాలకోరులవుతారుగా. వద్దని చేతులు లేచాయి." కళ్ళజోడు పెట్టుకుంటూ అన్నారు, "నాదీ లేచింది."

"ఇప్పుడు అలా ముందే పెట్టట్లేదు కదా?"

ఆవిడ లేచి కిటికీ మూసి, మళ్ళీ తెరిచారు. బల్ల మీద ఈ ఏటి పుస్తకం ఉంది. నేనే తెరిచాను. రాసిన చివరి పేజీ మీద రేపటి తేదీ వేసి ఉంది. అందరూ తిరిగి వచ్చారు. కింద పద్నాలుగు సంతకాలు. మొదటిది దర్జీ బాబాయిది. మూడోది టీచరుగారిది. అన్నిటికంటే కింద, సిరా ఇంకా మెరుస్తూ, మా ఆయన గుండ్రటి అక్షరాలు.

అంతలో కొత్త లైఫ్ జాకెట్ తొడుక్కుని ఆయనే లోపలికి వచ్చాడు, వెనకాల దర్జీ బాబాయి.

"ఎలా ఉన్నాను? గుమ్మడికాయలా ఉన్నానా?"

"ఈ సంతకం ఎప్పుడు పెట్టావు?"

"ఇందాకే. రేపు పందెం అయ్యాక భోజనాల హడావిడి కదా, బాబాయి పెట్టెయ్యమన్నారు. అలా చూస్తావేం, ఆస్తి రాసిచ్చానా ఏంటి?"

"అప్పుడే మొగుణ్ణి నిలదీస్తున్నావటమ్మా!" అని నవ్వాడు దర్జీ బాబాయి. నా మోకాళ్ళ మీదున్న పాత పేజీ చూశాక నవ్వు పెదాల మీదే మిగిలింది. "అది గాలి చేసిన పనమ్మా. మనుషులు చేసింది కాదు."

"రేపు గాలి ఎలా ఉంటుంది బాబాయ్?"

"పొద్దున మెత్తగానే ఉంటుంది. మధ్యాహ్నానికి లేస్తుందంటున్నారు. దీపస్తంభం ఉన్న రాయి చుట్టూ తిరిగి రావడమేగా."

కలం తీసి మా ఆయన చేతికిచ్చాను. "సంతకం కొట్టెయ్."

ఆయన నా మొహం చూశాడు, బాబాయి మొహం చూశాడు. "ఇవాళేగా చేర్చుకున్నారు," అన్నాడు మెల్లిగా. "వచ్చీ రాగానే పేచీ పెడితే ఏం బాగుంటుంది? రేపొక్కరోజుకీ పోనీలే." కలం బల్ల మీద పెట్టేశాడు.

జెట్టీ కింద నీళ్ళు పలకల్ని తడుతున్నాయి. టీచరుగారు తల ఎత్తలేదు. ఐదు వారాల్లో మొదటిసారి ఆయన్ని చూస్తే నవ్వు రాలేదు నాకు.

పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

"ఇది రేపు సాయంత్రం దాకా నా దగ్గరే ఉంటుంది. డ్యూటీ ఎవరిదైనా సరే, పొద్దున ఆరింటికి వచ్చి జెట్టీ చివర కూర్చుంటా. వెతికే పడవ నీళ్ళలోనే ఉండాలి. పద్నాలుగు మంది వెళ్తారు. పద్నాలుగో మొహం నా కళ్ళతో చూసేదాకా గేటుకి తాళం పడదు."