రాక్షసిబల్లి ముందుపన్ను

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. ఉంటే ఆ రాక్షసిబల్లే లేచొచ్చి నన్ను కొరకనీ!

మ్యూజియం వాళ్ల ఎముకల షెడ్డుకి పెద్ద మేస్త్రీ మామ. ఆయన కింద పనివాడు సొంత అల్లుడు. కొండ వాలులో బయటపడ్డ రాక్షసిబల్లిని ఇద్దరూ కలిసే తవ్వారు. మాంసం తప్ప మరొకటి ముట్టని జాతి, దవడ చూస్తేనే గుండె జారేది. ఎముకకి తడికాగితం అంటించి, దానిమీద ప్లాస్టర్ పట్టీలు చుట్టి షెడ్డుకి చేర్చారు. కాగితం లేకపోతే ప్లాస్టర్ ఎముకనే పట్టేస్తుంది. తను చుట్టిన పట్టీ ఆరకముందే బొటనవేలు నొక్కి ముద్ర వేయడం మామ అలవాటు. "ఈ ముద్ర పడ్డాక ఎముకకి ఢోకా లేదు" అనేవాడు.

ఆరి గట్టిపడ్డ ప్లాస్టర్ పై డొప్ప కోసి వాకిట్లో పడేశారు. వారం పోయాక, దవడ మీద మట్టి గీకుతున్న మామ చెయ్యి ఆగింది. ముందుపన్ను ఉండాల్సిన చోట గుంత! గోతిలో తన కళ్లతో చూసిన పన్ను. షెడ్డు తాళాలు చూస్తే ఇద్దరి దగ్గరే.

"డొప్పలో చూద్దామా మామయ్యా?"

"నా ముద్ర ఉన్న డొప్పలోనా? కాగితం వెయ్యకుండా చుట్టడానికి నేనేమన్నా నువ్వనుకున్నావా?"

పైగా డొప్పలో పిల్లి ఈని పడుకుంది. దాని జోలికెవరు పోతారు?

అప్పట్నుంచి అల్లుడు దగ్గితే దాస్తున్నాడనిపించింది, నవ్వితే అమ్మేశాడనిపించింది. ఉబ్బెత్తుగా ఉన్న జేబు తడిమితే కళ్లజోడు డబ్బా. చివరికి కూతురు తెచ్చిన క్యారేజీ కూడా వదల్లేదు.

"పన్ను కోసం నా మొగుడి అన్నం కెలుకుతావా నాన్నా? ఊడిపోయిన నీ పళ్లు వెతుక్కో ముందు!"

"పన్ను పోయిందని విని రేపు మ్యూజియం పెద్దాయన వస్తున్నాడు. నీ పేరే చెప్తాను అల్లుడూ. పిల్లనిచ్చానని ఊరుకోను."

"చెప్పండి. ఉద్యోగం ఊడితే మీ ఇంట్లోనే కూర్చుని తింటాను."

మర్నాడు పెద్దాయన కారు దిగాడు. మామ గొంతు సవరించుకుంటూ ఎదురెళ్లాడు. అప్పుడే పిల్లి ఆఖరి కూనని నోట కరుచుకుని గోడ దూకింది. ఖాళీ అయిన డొప్ప లోపల నల్లగా ఏదో మెరిసింది. ముందుపన్ను! ప్లాస్టర్లో కూరుకుపోయి ఉంది. చుట్టూ కాగితం ముక్క లేదు. తిరగేస్తే పైన మామ వేలిముద్రే. పట్టీ వేస్తుంటే వాన ముంచుకొచ్చింది, ఆ హడావుడిలో...

"దొంగ దొరికాడా మేస్త్రీ?" అన్నాడు పెద్దాయన.

మామ అల్లుడి వైపు చూశాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"దొరికాడండీ. సంతకం కూడా పెట్టి పోయాడు."

"మామయ్యా," అన్నాడు అల్లుడు, "ఒకసారి మీ జేబులు చూడనివ్వండి."

అన్నట్టు, ఆ పిల్లి నా కల్పన. డొప్ప ఖాళీగానే పడుంది. వారం పాటు దాన్ని దాటుకుంటూ తిరిగిన మనిషి వంగి చూడలేదంటే మీరు నమ్మరని పిల్లిని కూర్చోబెట్టాను. రాక్షసిబల్లి వస్తే రానీ, దాని ముందుపన్ను ఇంకా అతకలేదు.