గింజ కంటే ముందు

2011 యాసంగి వడ్లు ఆడిస్తున్న రోజులు. మిర్యాలగూడలో నర్సింగరావు సేటు మిల్లులో బియ్యం పైనుంచి పలుచని తెరలా జారుతుంటే, పక్కన కెమెరా ఫొటోలు తీస్తుంది. నల్లగింజ కనబడితే, కాస్త కిందనున్న గాలిగొట్టం దాన్ని పక్కకు ఊదేయాలి. ఊదమని చెప్పే ప్రోగ్రాం మహేశ్వర్ రాశాడు. తిరుమలగిరి దిక్కు గొర్లకాపరుల ఇంటివాడు. అతను అమ్మిన మొదటి మిషన్ ఇది.

"ఏందయ్యా మహేశూ, నల్లయన్నీ మంచి బియ్యంలనే వడుతున్నయి. నీ మిషన్ నిద్రవోతున్నదా?"

"సూస్తనే ఉన్నది సేటూ. చెప్పుడే ఆలస్యమైతున్నది."

"మా ఇంటామె గూడ గంతే. కూర మాడినంక జెప్తది. పొద్దుగూకేలోపల కాకుంటే ఇప్పి తీస్కపో."

మహేశ్వర్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తవుడు బస్తా మీద కూర్చున్నాడు. జాప్యమంతా ప్రోగ్రాంలో ఫొటోలను చదివే ఒక చిన్న ఫంక్షన్‌ది. ఫొటోలోని ప్రతి చుక్కకూ అది గుణించి, భాగించి, నలుపో తెలుపో తేలుస్తుంది. తేల్చేసరికి గింజ గొట్టం దాటిపోతుంది.

తవుడు దుమ్ములో ఎండ ఈదుతోంది. బియ్యం జారే చప్పుడుకు కళ్లు మూతపడ్డాయి. తెల్లని మంద ఒకటి ఆకాశం నుంచి దిగుతోంది. దొడ్డి కంత దగ్గర అమ్మ సాయమ్మ నిలబడింది. ఏ గొర్రెనూ ఆపి చూడదు; అమ్మవలసిన వాటి వీపులకు ముందే జాజు పూసి పెట్టింది. ఎర్రమచ్చ ఉన్నది పక్కకు, లేనిది ముందుకు. మంద ఆగకుండా పారుతోంది.

కళ్లు తెరిచి, ఉండగల రంగులన్నిటికీ జవాబులు ముందే లెక్కగట్టి ఒక పట్టికలో పెట్టాడు. ఇక ఫంక్షన్ లెక్క కట్టనక్కర్లేదు, పట్టిక చూసి చెప్పడమే.

మిషన్ వేశారు. గాలి టపటపా కొట్టింది. పక్కకు పడ్డవన్నీ తెల్లగింజలే!

"బాగ జేసినవ్! ఇగ మంచియే పారవోస్తున్నది," సేటు నెత్తి కొట్టుకున్నాడు.

మహేశ్వర్‌కు నవ్వొచ్చింది. ఆలస్యానికి అలవాటుపడి, జవాబు రాగానే ఊదమని రాశాడు. ఇప్పుడు జవాబే గింజ కంటే ముందొస్తోంది. నల్లది గొట్టం దాకా చేరకముందే గాలి కొట్టి, ముందున్న తెల్లదాన్ని తోసేస్తోంది. ఒక్క వరుస చేర్చాడు: కొంచెం ఆగు. ఆ ఆగే సమయాన్ని పెంచాడు, తగ్గించాడు, మళ్లీ రవ్వంత పెంచాడు. నల్లగింజ ఒకటి మెల్లగా పక్కకు వాలింది. దాని వెనక ఇంకొకటి.

సేటు అరచేతిలో బియ్యం పరుచుకుని గోటితో జరుపుతూ చాలాసేపు చూశాడు. "కోదాడల మా బామ్మర్దికి ఫోన్ జేస్త. ఆయన మిల్లుల గూడ గిదే పెట్టు."

మహేశ్వర్ వినలేదు. గింజ కెమెరాను దాటి గొట్టానికి చేరే ఆ రెప్పపాటులో అతని ప్రోగ్రాం, పనేమీ లేక, ఊరికే కూర్చుని బియ్యం రాలడం చూస్తోంది.