నిలవని మైత్రి

ఆధారం లేకుండా మాట అనకూడదని యసవతి ముప్పై ఏళ్లు బడిపిల్లలకు విజ్ఞానశాస్త్రంతో పాటు నేర్పింది. అరవై మూడో ఏట, తమ్ముడి విషయంలో ఆ నియమాన్ని తానే తప్పింది.

తమ్ముడు సరణపాల శ్రీలంక దక్షిణ తీరంలోని దిక్వెల్ల రేవు నుంచి లోతు సముద్రపు వేటకు వెళ్లి ఇరవై ఆరు రోజులైంది. పడవలోని రేడియో మూగబోయి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఆమె తెల్లవారగానే కూర్చుని అతని మీద మైత్రి భావన అనే బౌద్ధ ధ్యానం చేసింది. అతడు సుఖంగా ఉండాలి, ఆపద లేకుండా ఉండాలి. మనసు ఒక్కనాడూ నిలవలేదు. చనిపోయినవారి మీద మైత్రి నిలవదని ఆమె చిన్ననాటి నుంచీ ధర్మోపదేశాల్లో విన్నది. ఈ రెంటినీ జోడించి తమ్ముడు ఇక లేడన్న నిర్ణయానికి వచ్చింది. వచ్చి ఊరుకోక, మూడు రోజుల కిందట తమ్ముడి భార్య నిల్మిణితో అనేసింది. అప్పటి నుంచి నిల్మిణి అన్నం ముట్టలేదు. సందు పొడవునా చావుకు కట్టే తెల్ల జెండాలు కట్టించి, భర్త పేర భిక్షువులకు దానం పెట్టడానికి రోజు కూడా నిశ్చయించింది.

దానికి ముందురోజు పున్నమి. యసవతి తెల్లచీర కట్టుకుని ఆరామానికి వెళ్లింది. వృద్ధ సన్యాసిని ధమ్మదిన్న వంటశాల అరుగు మీద సరస్వతి ఆకు ఏరుతూ కూర్చుని, చెప్పినదంతా విన్నది.

"మరి టీచరమ్మా, ఒక్క పరీక్షతోనే తేల్చేశావా? బతికున్నారో పోయారో ముందే తెలిసినవాళ్ల మీద సరిచూడలేదా?"

యసవతికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇలాంటి తప్పుకు తాను పిల్లల చేత మళ్లీ రాయించేది.

"ఇక్కడే చూడు. నాకు ఈ ఆకు అయ్యేదాకా తీరికే."

ఆమె కళ్లు మూసుకుంది. పొద్దున బస్సులో టిక్కెట్టు ఇచ్చిన కండక్టర్ని తలచుకుంది. నిక్షేపంగా బతికున్న మనిషి. మనసు క్షణం కూడా నిలవలేదు. పంతొమ్మిదేళ్ల కిందట పోయిన తల్లిని తలచుకుంది. గుండెలో గోరువెచ్చగా ఏదో పరచుకుని, చాలాసేపు కదలలేదు.

"అంతా తలకిందులుగా ఉందమ్మా," అంది ఆశ్చర్యంగా. "మరి పెద్దల మాట అబద్ధమా?"

"అది సాధన బాగా ముదిరినవాళ్లకు చెప్పిన మాట. నువ్వింకా వాకిట్లోనే ఉండి, మేడ మీద దీపం లేదంటే ఎలా?" సన్యాసిని నవ్వింది. "సరే, తమ్ముడి గురించి ఏమనుకుంటావు?"

"సుఖంగా ఉండాలని."

"ఆ తరవాత?"

యసవతి తడబడింది. "వచ్చెయ్యాలని. ఇవాళే."

"అదీ సంగతి. రెక్క పట్టుకుని లాగుతున్నావు. భయపడ్డ చెయ్యి వణకదూ? మనసూ అంతే. ఇంతకీ మొదలు ఎవరితో పెట్టావు?"

"వాడితోనే. ఇలాంటప్పుడు నా సుఖం నేను కోరుకోవడం ఏం బాగుంటుందని..."

"నిన్ను వదిలేశావా! మైత్రి ఎప్పుడూ మనతోనే మొదలుపెట్టాలి. ఆ భయం ఉన్నది నీలోనే కదా తల్లీ."

యసవతి కారణాలను వెనక్కి నడిపి చూసింది. మనసు నిలవకపోవడానికి కారణం భయం. భయం తనది. సముద్రం గురించి అది చెప్పినది ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానితో ఒక మనిషి అన్నం మానేసింది. లేచి, దొరికిన మొదటి బస్సులో తిరిగి వెళ్లింది.

నిల్మిణి గడపలో కూర్చుని ఉంది.

"నేను పొరపడ్డాను నిల్మిణీ. వాడు పోయాడని నాకు తెలియదు."

"అయితే బతికున్నాడా?"

"అదీ తెలియదు."

నిల్మిణి ముఖం ఎర్రబడింది. "మూడు రోజులు! మూడు రోజులు నన్ను విధవను చేసి కూర్చోబెట్టావు వదినా! చదువుకున్నదానివని నీ మాట నమ్మాను!"

యసవతి సమర్థించుకోలేదు. తిట్లన్నీ అయ్యేదాకా నిలబడే ఉంది. ఆ తరవాత నిల్మిణి విసురుగా లేచి, పెరట్లోంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి మొదటి జెండా కింద వేసింది.

"ముందు ఇంత గంజి తాగి ఎక్కు. కళ్లు తిరుగుతాయి," అంది యసవతి.

"నువ్వు కాచి పెట్టు, తాగుతాను. ఊరికే చెప్పకు."

యసవతి కాచిన గంజి నిల్మిణి తాగింది. తరవాత నిచ్చెన ఎక్కింది. కింద పట్టుకున్న యసవతి చేతులు వణుకుతున్నాయి. ఇంతకుముందైతే ఆ వణుకును ఒక సూచన అనుకునేది. ఇప్పుడు దాన్ని కుతూహలంగా చూసింది. మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా వస్తోంది. ఈ భయపడుతున్న మనిషి సుఖంగా ఉండాలి అనుకుంది. వణుకు ఆగలేదు. నిచ్చెన మాత్రం కదలలేదు.