ఒంటిగంట అంకెలు

నేను ఉద్యోగంలో చేరిన రోజున, నాకంటే ముందు ఆ పని చూసినాయన ఒక కాగితం నా చేతిలో పెట్టి వెళ్లాడు. రోజూ చేయవలసిన పనులు దాని మీద వరుసగా రాసి ఉన్నాయి.

తొమ్మిదికి ముందే వచ్చి సర్వర్ గది తలుపు తీయాలి.
గది చల్లగా ఉందో లేదో చూడాలి. ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే బకెట్ పెట్టాలి.
పచ్చ దీపాలు లెక్కపెట్టాలి. పన్నెండు ఉండాలి.
సరిగ్గా ఒంటిగంటకు అంకెలు తీయాలి. పది నిమిషాలు పడుతుంది.
తీసిన అంకెలను ఫారంలో ఎక్కించి కింద సంతకం చేయాలి.
శుక్రవారం నాడు వారం మొత్తానికి సగటు కట్టి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టాలి.
టీ కప్పులు లోపలికి తేకూడదు.

ఆరు నెలల పాటు నేను ఈ కాగితం దాటి ఒక్క అడుగు వేయలేదు.

మాది నగరానికి నీళ్లు సరఫరా చేసే సంస్థలో నక్షాల విభాగం. భూమి కింద ఏ పైపు ఎక్కడుంది, ఎంత లోతున ఉంది, ఎక్కడ మలుపు తిరిగింది అన్నది గీసి ఉంచే చోటు. నక్షాలన్నీ మూడో అంతస్తులోని చల్లటి గదిలో, ఒకే ఒక్క సర్వర్‌లో ఉంటాయి. కింద హాల్లో గీసేవాళ్లు ఇరవై ఇద్దరు. వాళ్ల కంప్యూటర్లలో నక్షాలు ఉండకూడదని రూలు. ఎవరు ఏది తెరిచినా వాళ్ల యంత్రం నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌ను అడగాలి, సర్వర్ ఇవ్వాలి. సరిదిద్ది సేవ్ చేస్తే అది మళ్లీ సర్వర్‌లోకే వెళ్లాలి. రోడ్డు మీద గొయ్యి తవ్వే మేస్త్రీలు తమ ట్యాబ్‌లో చూసేది కూడా ఆ సర్వర్‌లోని నక్షానే.

ఆ అడగడాన్నీ ఇవ్వడాన్నీ కొలవడం నా పని. ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఒక్కో జవాబుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, జవాబు అందక ఎన్ని ప్రశ్నలు మళ్లీ అడగవలసి వచ్చింది. అంతే.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నాన్న బట్టలు ఇస్త్రీ చేస్తాడు. నా కాలేజీ దరఖాస్తు మీద అమ్మ వేలిముద్ర వేసింది. అందుకని ఫారం కింద నా సంతకం చూసుకోవడం నాకు పైకి చెప్పుకోలేని ముచ్చట. పేరు చివర గీత కాస్త పొడుగ్గా లాగేదాన్ని.

ఒక బుధవారం ఆఫీసరు గారు పిలిచారు. ఆయన ముందు ఒక పట్టీ ఉంది. హాల్లో ఎవరు రోజుకు ఎన్ని నక్షాలు సరిదిద్దారన్నది అందులో ఉంది. అందరివీ ఇరవై, ఇరవై రెండు. ఒక్కరిది పదకొండు.

"ఇది అక్కయ్యగారిది," అన్నారు. "రెండేళ్ల నుంచీ ఇంతే. నెలాఖరుకి ఆవిడ ఒప్పందం అయిపోతుంది. పొడిగించొద్దని పైనుంచి అంటున్నారు. ఆవిడేమో నేను నిదానం కాదు, సర్వరే నిదానం అంటుంది. నువ్వు ఒక ముక్క రాసివ్వు. ఎలా ఉంటే అలాగే రాయి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

నేను ఫారాలన్నీ ముందేసుకుని రాశాను. గత ఆరు నెలలుగా సర్వర్ సగటు జవాబు సమయం నాలుగు మిల్లీసెకన్లు. మళ్లీ అడగవలసి వచ్చిన ప్రశ్నలు లేవు. పనితీరులో లోపం కనబడలేదు. కింద సంతకం చేశాను. గీత ఎప్పటిలాగే లాగాను.

అక్కయ్య ఆ హాల్లో అందరికంటే పెద్దావిడ. యాభై నాలుగేళ్లు. ఆవిడా, నడవలేని ఆవిడ తమ్ముడూ ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నారు. పాత పేటల నక్షాలు ఆవిడవి. అక్కడ వందేళ్ల నాటి పైపుల మీద కొత్త పైపులు, వాటి మీద ఇంకా కొత్తవి. ఒక్క నక్షా తెరిస్తే దాని వెనక నలభై తెరుచుకుంటాయి. హాల్లో వాళ్లు ఎదురుగా అక్కయ్యగారూ అంటారు, వెనక నత్తమ్మ అంటారు.

మర్నాడు భోజనాల వేళకు కొంచెం ముందు నేను హాల్లోంచి వెళుతుంటే ఆవిడ పిలిచింది.

"ఏమ్మా, సర్వర్ అమ్మాయ్. ఇటు రా. కూర్చో. కొరకను లే."

కూర్చున్నాను.

"నువ్వు రాసిచ్చింది నాకు చూపించారు. దస్తూరీ బావుంది."

"అంకెలు అలాగే ఉన్నాయండీ," అన్నాను.

"ఉంటాయి. అబద్ధం రాసే పిల్లవి కాదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఒక్కటి చెప్పు. ఎన్నింటికి తీస్తావు ఆ అంకెలు?"

"ఒంటిగంటకండీ."

"ఒంటిగంటకి ఇక్కడ ఎవరుంటారు?"

నేను తల తిప్పి చూశాను. గోడ గడియారంలో పన్నెండూ యాభై ఐదు. సగం కుర్చీలు అప్పటికే ఖాళీ. మిగతావాళ్లు డబ్బాలు పట్టుకుని లేస్తున్నారు.

"కొట్టు కట్టేశాక వెళ్లి, తోపులాట ఏమీ లేదండీ అని రాసుకొచ్చినట్టుంది నీ వ్యవహారం," అంది. కోపంగా అనలేదు. డబ్బా మూత తీస్తూ అంది. "నేను నక్షా తెరవమని నొక్కి, గడియారం ముల్లుతో పాటు ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటా. ఏం చెయ్యను మరి, ఊరికే కూర్చుంటే కునుకొస్తుంది. ఇప్పుడు తెరిస్తే ఎనిమిది. పొద్దున్న పదింటికైతే నూట ఇరవై. ఓ రోజు నూట నలభై దాకా వెళ్లా. ఆ లెక్క ఏ ఫారంలో ఎక్కించాలో నాకు తెలీక నోట్లోనే ఉంచుకున్నా."

ఆ సాయంత్రం నాకు కాగితం ఇచ్చి వెళ్లినాయనకు ఫోన్ చేసి, ఒంటిగంటే ఎందుకని అడిగాను.

"పనివేళల్లో తీస్తే నా వల్లే లేటవుతోందని హాలు వాళ్లు మీద పడేవాళ్లమ్మా," అన్నాడాయన. "ఒంటిగంటకైతే ఎవరికీ బాధ లేదు. ప్రశాంతంగా ఉంటుంది. అంకెలు కూడా చూడముచ్చటగా వస్తాయి."

ఆయన్ను ఏమనగలను. నేనూ ఆ ముచ్చట చూసుకున్నదాన్నే.

శుక్రవారం పొద్దున పదింటికి, కాగితంలో లేని పని చేశాను. పది నిమిషాల తర్వాత తెర మీద వచ్చిన అంకెలను మూడుసార్లు చదివాను. ఒక్కో జవాబుకు అరవై మిల్లీసెకన్లు. ప్రతి పన్నెండు ప్రశ్నల్లో ఒకటి జవాబు అందక మళ్లీ అడిగింది. అక్కయ్య యంత్రం పాత పేట నక్షా ఒకటి తెరవడానికి ఎన్ని ప్రశ్నలు అడిగిందో చూశాను. రెండు వేలు. రెండు వేలను అరవైతో హెచ్చించాను. లక్షా ఇరవై వేల మిల్లీసెకన్లు. అంటే నూట ఇరవై సెకన్లు. అదే రెండు వేలను నాలుగుతో హెచ్చిస్తే ఎనిమిది సెకన్లు. నాలుగేళ్లు చదువుకుని, ఆరు నెలలు కొలిచి, ఆవిడ నోటి లెక్క దగ్గరికి చేరేసరికి నాకు ఇంతకాలం పట్టింది.

ఆ రోజు సాయంత్రం దాకా ఏ యంత్రం ఎంత అడుగుతోందో విడివిడిగా చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఇరవై ఒక్క యంత్రాలు పొద్దున తొమ్మిదీ ముప్పావు నుంచి పన్నెండు దాటేదాకా గుట్టలు గుట్టలుగా లాగుతున్నాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. మళ్లీ నాలుగు నుంచి ఐదు దాటేదాకా గుట్టగా పోస్తున్నాయి. ఒక్క యంత్రమే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా అడుగుతూ, రాస్తూ ఉంది.

హాల్లో నాతో సరదాగా మాట్లాడే మీసాలాయన ఉన్నాడు. ఆయన్ను మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను.

"దాంట్లో దాపరికం ఏముంది తల్లీ. పొద్దున్నే మా యంత్రాల్లోకి దింపుకుంటాం, సాయంత్రం ఎక్కించేస్తాం. లేకపోతే ఇరవై ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"దింపుకోకూడదని రూలుంది కదండీ."

"రూలు పట్టుకుని కూర్చున్నది అక్కయ్య ఒక్కతే. ఆవిడ గతి చూస్తున్నావుగా." ఒక మెట్టు దిగి, మళ్లీ ఆగాడు. "నీది ఇంకా ప్రొబేషనే. ఆరు నెలలు పనికిరాని అంకెలిచ్చానని నీ చేత్తో నువ్వే రాసుకుంటావా? కొరివితో తల గోక్కోవడమే అది. ఆలోచించుకో. నీ మంచికే చెప్తున్నా."

బెదిరించినట్టు లేదు ఆ గొంతు. నిజంగానే నా మంచి కోరుతున్నట్టుంది. అందుకే ఎక్కువ భయం వేసింది.

అక్కయ్య దగ్గరికి వెళ్లాను. మీరెందుకు దింపుకోరని అడిగాను.

"ఒకప్పుడు నేనూ దింపుకున్నదాన్నే," అంది ఆవిడ. "రెండేళ్ల కిందట ఓ రోజు పొద్దున్నే ఒక పైపు మలుపు సరిదిద్దా. సాయంత్రం ఎక్కిద్దాంలే అని నా దగ్గరే ఉంచుకున్నా. ఆ మధ్యాహ్నమే అక్కడ పైపు పగిలింది. మేస్త్రీలు పాత నక్షా చూసి తవ్వారు. లేదు. మళ్లీ తవ్వారు. అక్కడా లేదు. ఆస్పత్రి వీధికి రెండు రోజులు నీళ్లు లేవు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలీదు కూడా. నాకు తెలుసు కదమ్మా."

"మరి వీళ్ల సంగతి ఆఫీసరు గారికి చెప్పలేదేం?"

"చాడీలు చెప్పి నిలబెట్టుకున్న కుర్చీలో నడుం ఆనదు," అని తెర వైపు తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

శనివారం పొద్దున నాన్న చొక్కాల మూట విప్పుతున్నాడు. అమ్మ గుండీలు ఊడినవి వేరు చేస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సర్వర్ అంటే వాళ్లకు సరిగా తెలియదు. సంతకం అంటే తెలుసు.

"తెలిసి పెట్టావా?" అన్నాడు నాన్న.

"లేదు."

"ఇప్పుడు తెలిసిందిగా."

"ఉద్యోగం పోతుందేమో నాన్నా."

"పోతే ఇంకో ఇస్త్రీ పెట్టె ఖాళీగానే ఉంది. కాకపోతే కాలర్లు నీకు ఇవ్వను. తగలబెడతావు."

అమ్మ నవ్వలేదు. చేతిలోని చొక్కా పక్కన పెట్టింది. "నీ కాలేజీ కాగితం మీద నేను వేలు ముద్దరేసినప్పుడు అందులో ఏం రాసుందో నాకు తెలీదే. చదివి చెప్పమంటే ఆ గుమాస్తా విసుక్కున్నాడు. ఏం రాసుంటే అది అనుకుని వేసేశా. నీకు అట్లాంటి అవస్థ లేదు. చదవడం వచ్చు నీకు. చదివే పెట్టు."

సోమ, మంగళ, బుధవారాలు పొద్దున పదింటికి, పన్నెండింటికి, ఒంటిగంటకు, సాయంత్రం ఐదింటికి అంకెలు తీశాను. గురువారం రెండు పేజీలు రాశాను. మనుషుల గురించి ఒక్క మాట రాయలేదు. ఇరవై రెండు యంత్రాల్లో ఇరవై ఒకటి ఏ వేళకు ఎంత లాగుతున్నాయో, మిగిలిన ఒక్కటి ఎంతసేపు కాచుకుంటోందో రాశాను. నా మొదటి కాగితాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చివర రాశాను.

ఆఫీసరు గారు నిదానంగా చదివారు. "అంటే నువ్వు ముందు ఇచ్చింది అబద్ధమా?"

"కాదండీ. ఒంటిగంటకు అది నిజమే."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే నేను శుక్రవారం శుక్రవారం చూస్తున్నది ఖాళీ హాలునా?"

"అవునండీ. ఆరు నెలలుగా."

"నువ్వొచ్చి ఆరు నెలలు. నేను చూడబట్టి ఆరేళ్లు." రెండు పేజీలూ మళ్లీ మొదటి నుంచి తిరగేశారు. "నీ ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పెరుగుతుంది. దానికి నేను అడ్డుపడలేను. ఈ కాగితం మాత్రం ఇవాళే పైకి వెళ్తుంది."

నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా జవాబు వచ్చింది. అక్కయ్య ఒప్పందం పొడిగించారు. నక్షాలు ఎవరూ దింపుకోకూడదని హాలుకు గట్టిగా ఉత్తర్వు వచ్చింది. మొదటి వారం అందరి పట్టీలూ పదమూడుకు, పద్నాలుగుకు పడిపోయాయి. మీసాలాయన నెల రోజులు నా మొహం చూడలేదు. పొద్దుటి గుట్టలు ఆగిపోయాక జవాబులు త్వరగా రావడం మొదలైంది, పట్టీలు పద్దెనిమిది దగ్గర నిలబడ్డాయి. అక్కయ్యవి పదిహేడు. నత్తమ్మ అన్న మాట ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. పొరపాటైందని ఆవిడతో ఎవరూ అనలేదు కూడా. నేను ఒక్కసారి అనబోతే, "పనికి వెళ్లు, పదవుతోంది," అంది.

ఆ తర్వాత ఆవిడ మూడేళ్లు పనిచేసింది. పోయిన సంవత్సరం తమ్ముడితో పాటు వేరే ఊరు వెళ్లిపోయింది. మా నక్షాల మీద గీసినవాళ్ల పేరు ఉండదు, యంత్రం నంబరు ఉంటుంది. ఆవిడ కూర్చున్న పంతొమ్మిదో యంత్రం దగ్గర ఇప్పుడు ఇంకొకరు కూర్చుంటున్నారు. పాత పేటల్లో ఆవిడ పదహారేళ్లు సరిదిద్దిన గీతలు ఎవరివో రేపు చూసేవాళ్లకు తెలిసే దారి లేదు. నేను రాసే ఫారాల్లో మనుషులకు చోటు లేదు. అందుకని ఇక్కడ రాశాను. చదివిన మీరు, వీలైతే, ఆవిడను గుర్తుపెట్టుకోండి.