ఉత్తర్వులను అనుసరించి

నేను ఒక వాక్యాన్ని. పుస్తకంలో వాక్యాన్ని కాదు, గోడ మీద నినాదాన్నీ కాదు. నల్లటి తెర మీద ఎవరైనా ట్యాబ్ మీట నొక్కితేనే కనిపిస్తాను, పని కాగానే మాయమవుతాను. మీలో చాలామంది నాలాంటివాళ్ళని చూసి కూడా చూడనట్టు పోయుంటారు. నాకేం కోపం లేదు. మనుషులు చదవడం కంటే నొక్కడం ఎక్కువ ఇష్టపడతారని నాకు పుట్టిన నెలలోనే అర్థమైంది.

నేను పుట్టింది డెల్టాలో ఒక చిన్న విత్తన కేంద్రంలో. అక్కడ చల్లగదిలో ఆరువందల పన్నెండు గాజుసీసాలు ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో రకం పాతకాలపు వడ్లు. సీసా మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఆ గింజ ఏ ఊరిది, ఇచ్చిన రైతు ఎవరు, ఏ నేలలో పండుతుంది, ఎన్నాళ్ళకి కోతకొస్తుంది అన్న వివరాలన్నీ ఒకప్పుడు లావుపాటి రిజిస్టర్లలో ఉండేవి. ఆ రిజిస్టర్లను చెదపురుగులు శ్రద్ధగా చదివేశాయి. మిగిలిన ముక్కల్నీ, బతికున్న రైతుల జ్ఞాపకాల్నీ కూర్చుకుని, అక్కడ రికార్డులు చూసే సీతారావమ్మ గారు నాలుగేళ్ళు కూర్చుని అన్నీ మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించింది. బస్సెక్కి ఊళ్ళు తిరిగింది. ఒక రైతు మంచంలో ఉండి చెబుతుంటే నోటి దగ్గర చెవి పెట్టి విని రాసుకుంది.

ఆవిడ కోసం గుంటూరు నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చే రెహానా అనే అమ్మాయి ఒక ప్రోగ్రాం రాసింది. దాని పేరు గాదె. తెర మీద గాదె అని కొట్టి ట్యాబ్ నొక్కితే, గాదెతో చేయించుకోగల పనులన్నీ ఎడమవైపు వరుసగా వస్తాయి. కొత్తపట్టీ, చూపు, చేర్చు, దిద్దు, నకలు, వెతుకు. ఒక్కోదాని పక్కన, అది ఏం చేస్తుందో చెప్పే ఒక వాక్యం. ఆ వాక్యాలు మేము. కుడివైపు ఒకే గీత మీద నిలబడాలి, పక్కవాడిని తోయకూడదు, రెండో వరుసలోకి పాకకూడదు. చోటు చాలకపోతే తోక కోసేసి మూడు చుక్కలు పెడతారు. ఇదీ రెహానా మాకు నేర్పిన క్రమశిక్షణ.

మాలో మిగతా ఐదుగురినీ రెహానాయే రాసింది. పొట్టిగా, చురుగ్గా ఉంటారు వాళ్ళు. ‘కొత్త గింజ వివరం చేర్చడానికి’, అంతే. నన్ను మాత్రం రాయనివ్వలేదు సూపరింటెండెంటు భూషణం గారు. కొత్తపట్టీ అనే ఆజ్ఞ పాత వివరాలన్నీ చెరిపేసి ఖాళీ పట్టీ తెరుస్తుంది. రికార్డుల రద్దు అన్నది మామూలు విషయం కాదనీ, దాని గురించి రాసే హక్కు తనదేననీ ఆయన అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా మెమోలు రాసిన చెయ్యి అది. రెండు రోజులు తలుపేసుకుని నన్ను ఇలా కన్నారు:

‘పైన సూచించిన ఆఫీసు ఉత్తర్వులను అనుసరించి సిబ్బంది యావన్మందికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ ఆజ్ఞ ఇచ్చిన మీదట ఇంతకుమునుపు నమోదైన విత్తన వివరములన్నియు శాశ్వతముగా తొలగించబడును.’

నిజం చెప్పొద్దూ, నాకు చాలా గర్వంగా ఉండేది. అక్షరక్రమంలో నేనే మొదట వస్తాను కాబట్టి నాకు పైన ఏమీ ఉండదు. అయినా ‘పైన సూచించిన’ అని నిండుగా మొదలయ్యేదాన్ని. కింద ఉన్న పొట్టివాళ్ళని చూసి జాలిపడేదాన్ని. నాలోంచి ఒక్క మాట కూడా తీయడానికి రెహానాకి ధైర్యం చాలలేదు. పెద్దాయన రాసింది కదా అని అలాగే ఎక్కించేసింది.

ఆ ఏడు సీతారావమ్మ గారికి కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. అక్షరాలు పెద్దవి చేయమంది, రెహానా చేసింది. అక్షరాలు పెద్దవయ్యేసరికి తెరలో చోటు తగ్గింది. పొట్టివాళ్ళకి ఇబ్బంది లేదు. నాకు మాత్రం ‘పైన సూచించిన ఆఫీసు ఉత్తర్వులను అనుసరించి’ దగ్గరే తోక తెగింది. మూడు చుక్కలు పెట్టారు. నేను చెప్పాల్సిన అసలు సంగతి మొత్తం ఆ మూడు చుక్కల్లోకి పోయింది. మర్యాద మిగిలింది, విషయం పోయింది. నాకు ఆ తేడా అప్పుడు తెలియలేదు. నన్ను చూస్తున్నారన్న సంతోషంలో ఉన్నాను.

జూన్ వచ్చింది. ఆ కేంద్రంలో ఒక ఆనవాయితీ ఉంది. నారుమళ్ళు పోసే రోజుల్లో ప్రతి ఏడూ కొత్త రిజిస్టరు తెరుస్తారు. మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి, పాత రిజిస్టరుని బీరువాలో భద్రంగా పెడతారు. కంప్యూటర్ వచ్చినా ఆనవాయితీ ఎక్కడికి పోతుంది? ఆ శుక్రవారం సీతారావమ్మ గారు తలంటు పోసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. గాదె అని కొట్టి ట్యాబ్ నొక్కింది. పైనే కొత్తపట్టీ కనిపించింది. నన్ను వేలు పెట్టి మరీ చదివి, తృప్తిగా తలూపి, ఆ ఆజ్ఞని పూర్తిగా కొట్టింది. ఇక ఎంటర్ నొక్కడమే తరువాయి.

నొక్కలేదు. రాహుకాలం. పన్నెండు దాకా ఆగాలి. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని గోడగడియారం చూస్తూ కూర్చుంది. గాదెలో ఉన్న వివరాలకి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. నకలు అనే ఆజ్ఞ ఉంది కానీ ఎవరూ వాడలేదు. ఆ ఆఫీసులో నకలు తీయాలంటే ఇద్దరు ఆఫీసర్ల సంతకాలు కావాలి. సోమవారం సముద్రం పక్క ఊరి రైతులు, ఉప్పునీళ్ళకి తట్టుకునే వడ్ల కోసం వస్తామన్నారు. అవి ఏ సీసాలో ఉన్నాయో ఆ గాదెకి తప్ప ఎవరికీ తెలియదు.

పదకొండున్నరకి రెహానా వచ్చింది. భుజం సంచి దించుతూ తెర వంక చూసి, ఆ సంచిని సగంలోనే వదిలేసింది. మీట మీద చెయ్యి వేయబోతే, ముట్టుకోవద్దని సీతారావమ్మ గారు ఆపింది. కొత్తపట్టీ ఎందుకు కొట్టారని రెహానా అడిగింది. ప్రతి ఏడూ చేసేదేగా అంది ఆవిడ.

“పక్కన రాసింది చదవలేదా అమ్మా మీరు?”

“ఎందుకు చదవలా? ఉత్తర్వుల ప్రకారమే అని ఉంది. ఉత్తర్వులుంటే ఇంకేం కావాల?”

ఈసారి రెహానా ఆగలేదు. కొట్టి ఉన్న ఆజ్ఞని ఒక్కో అక్షరం వెనక్కి తీసేసింది. అక్షరాల్ని చిన్నవి చేసి, మళ్ళీ ట్యాబ్ నొక్కింది. చాన్నాళ్ళకి నేను మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్నాను. సీతారావమ్మ గారు కళ్ళజోడు ముక్కు మీద పైకి తోసుకుని, తెర దగ్గరికి వంగి, నన్ను నెమ్మదిగా చదివింది. చివరికొచ్చేసరికి ఆవిడ పెదవులు ఆగిపోయాయి. చేతిలో భరిణె బల్ల మీద పెట్టింది. ఆ మంచంలోని రైతు పోయి అప్పటికి ఏడాదైంది. ఆయన చెప్పిన మాటలు ఇంకెక్కడ దొరుకుతాయి?

నాకు సిగ్గేసింది. వాక్యానికి సిగ్గేమిటని నవ్వకండి. నోరున్నది ఒక్క మాట చెప్పడానికి, ఆ మాట తప్ప అన్నీ చెప్పాను.

మధ్యాహ్నం భూషణం గారిని పిలిచారు. మొదట ఆయన తెర చిన్నదని అన్నారు. తర్వాత కంటి డాక్టరుని అన్నారు. సీతారావమ్మ గారు చల్లగది తాళంచెవి ఆయన ముందు పెట్టింది. ఆయన లోపలికెళ్ళి, అంకెలు తప్ప ఏమీ లేని ఆ సీసాల మధ్య కాసేపు తిరిగొచ్చారు. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, ఎన్ని అక్షరాలకి చోటుందో చెప్పమ్మా అన్నారు.

పాపం, ఆయన నాలోంచి ఒక్కో మాటా తానే తీశారు. ‘యావన్మందికీ’ తేలిగ్గానే పోయింది. ‘ఇందుమూలముగా’ దగ్గర చాలాసేపు ఆగారు. చివరికి నేను మూడు మాటలు మిగిలాను: పాత వివరాలన్నీ చెరిగిపోతాయి

“చివర చుక్కయినా పెట్టమ్మా. చుక్క లేకపోతే అయిపోయినట్టు ఎట్టా తెలుస్తది?”

జాబితాలో ఎవరికీ చుక్క ఉండదనీ, అది పద్ధతనీ రెహానా చెప్పింది. పద్ధతి అన్న మాట వినగానే ఆయన సరేనన్నారు. నకలుకి రెండు సంతకాలు అక్కర్లేదన్న మెమో మాత్రం ఆ సాయంత్రమే రాశారు. అది మూడు పేజీలు వచ్చింది.

మళ్ళీ జూన్ వచ్చింది. సీతారావమ్మ గారు రాహుకాలం దాటాక నకలు తీసి, ఆ ప్రతిని బీరువాలో పెట్టించింది. తర్వాత భరిణె తెరిచి, తెర తుడిచి, ట్యాబ్ నొక్కింది. మేమంతా బిలబిలా వచ్చి నిలబడ్డాం. ఆవిడ ఉంగరపు వేలితో అద్దం మీద, సరిగ్గా నా చివర, ఒక కుంకుమ బొట్టు పెట్టింది.

“ఇక్కడ ఆగాల నేను,” అంది తనలో తనే.

కాసేపటికి భూషణం గారు అటుగా వచ్చారు. అద్దం మీద మరక చూసి జేబులోంచి రుమాలు తీశారు. దగ్గరికి వంగి, నన్ను మొదటి నుంచి చివర దాకా చదివి, బొట్టు దగ్గర ఆగారు. రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.