బిడ్డ పేర మొక్కిన పరుగు

సాంచా, అంటే మరమగ్గం, ఆగితే నేతకారుడు ఆనందానికి మనసున పట్టదు. సిరిసిల్లలో ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన మనిషి. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలు నడుపుకుంటున్నాడు. కరెంటు పోయి అవి మూగబోతే ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టే ఉంటుంది అతనికి. అందుకే, జగిత్యాలలో పరుగు పోటీలు ముగిశాక, బిడ్డను దసరా దాకా దాని ఇష్టానికి వదిలెయ్యమని కోచ్ అనురాధ మేడం చెబితే ఆ మాట అతని చెవికెక్కలేదు.

బిడ్డ పేరు శ్రీవాణి. డిగ్రీ చదువుతూ ఐదు వేల మీటర్లు పరుగెత్తుతుంది. జగిత్యాలలో రెండో స్థానం వచ్చింది. మెడలో పతకంతో వచ్చి తల్లి పక్కన కూర్చుని, పరుగెత్తినంతసేపూ తనకు ట్రాక్ మీది తెల్లగీత తప్ప ఏమీ కనబడలేదని, దసరా తర్వాత కోరుట్లలో పెట్టే క్యాంపుకు పోవాలని లేదని చెప్పింది. తల్లి సరోజన ఆ మాట దాచకుండా భర్తకు చెప్పింది. ఆ వాడలో అంతదూరం పోయిన పిల్ల ఇంకొకతి లేదు. ఇప్పుడు కాళ్లు ఆగితే ఇక కదలవని ఆనందం భయపడ్డాడు.

సోమవారం వేములవాడ పోయాడు. గుడిలో రాజన్న దేవుని ముందు నిలబడి, క్యాంపు మొదలయ్యేదాకా తన బిడ్డ ఒక్క తెల్లవారు కూడా తప్పకుండా గ్రౌండులో పది చుట్లు తిరుగుతుందని, తను చెప్పులు తొడగకుండా ఒక్కపొద్దు ఉంటానని, మొక్కు తీరినాక కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తానని మొక్కాడు. కోచ్ ఇచ్చిన సెలవు కాస్తా దీక్ష అయి కూర్చుంది.

మర్నాటి నుంచి తెల్లవారగానే శ్రీవాణిని లేపడం అతని పని. అదే గేటు, అదే ఎర్ర మొరం మట్టి, అవే చుట్లు. ఆ పిల్ల ఎదురుచెప్పే రకం కాదు. కళ్లు నులుముకుంటూ బూట్లు కట్టుకుని పోయేది. మొదట్లో ఆనందం కూడా వెంట పోయి మెట్ల మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టాడు. బిడ్డ తలవంచుకుని పరుగెత్తింది, తలవంచుకునే ఇంటికి వచ్చింది. తర్వాత లంగాల బట్టకు ఆర్డరు రావడంతో పొద్దున్నే షెడ్డులో ఉండక తప్పలేదు. పోయొచ్చినవా అని అడిగేవాడు. పోయొచ్చిన అనేది.

సరోజనకు ఈ పద్ధతి నచ్చలేదు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ అనేసింది.

"మొక్కేమో నీది, కాళ్లేమో దానియి. రాజన్నకు గీ లెక్క ఎట్ల సమజైతదో నాకైతే తెల్వది."

దేవునితో లెక్కలేందని కసురుకున్నాడు గానీ, ఆ మాట అతని లోపల ఎక్కడో చిక్కుకుంది. దేవునికి ఇస్తానన్నది ఇవ్వాలి. ఇందులో తప్పేముంది? ఇస్తానన్నది తనదేనా అన్న ప్రశ్న మాత్రం సాంచా ముందు నిలబడ్డప్పుడల్లా వచ్చిపోయేది.

ఇట్లా ఉండగా ఒక పొద్దున గడప దగ్గర శ్రీవాణి బూట్లు కనబడ్డాయి. వాటి మీద ఎండిన బురద. బూడిదరంగు పొలం బురద. గ్రౌండు మొరం ఎంత వాన పడ్డా ఎర్రగానే ఉంటుంది. ఆనందం బూటు చేతికి తీసుకుని గోటితో బురద గీకి చూశాడు. మొక్కు తప్పింది. అంతకంటే, బిడ్డ తనను మాయ చేసింది.

తెల్లారి నడుస్తున్న సాంచాను తన చేత్తో తనే ఆపి, మోపెడ్ తీసుకుని దూరం నుంచి ఆమె వెంట పోయాడు. శ్రీవాణి గ్రౌండు గేటు వైపు చూడనైనా చూడలేదు. ప్రహరీ వెనక కాలువ తోవ పట్టి, కల్వర్టు దగ్గర ఆగి ఎవరికోసమో చూస్తూ నిలబడింది. ఆనందం తుమ్మచెట్ల చాటున మోపెడ్ ఆపాడు.

కాసేపటికి ట్రాలీ ఆటో వచ్చింది. వెనక నిండా నాట్లకు పోయే ఆడవాళ్లు. ముందు కడ్డీ పట్టుకుని నిలబడ్డది వాళ్ల పెద్ద మొగిలవ్వ. ఆమె కేకతో డ్రైవర్ కిష్టయ్య హారన్ కొట్టాడు. ఆటో, శ్రీవాణి ఒక్కసారే కదిలారు. ఆనందం చెట్ల చాటు వదలకుండా మెల్లగా వెనకే పోయాడు.

గుంతలొచ్చిన చోట ఆటో కుంటుతుంటే శ్రీవాణి ముందుకు పోయేది. తోవ చదునైతే ఆటో దాటిపోయేది. వెంటనే వెనకున్న ఆడవాళ్లు కొంగులు ఊపుతూ, సద్ది తిని రాలేదా అని ఒకరు, నీకు పెండ్లి చేస్తే ఆటోవానికే చెయ్యాలె అని ఇంకొకరు ఆటపట్టించారు. కిష్టయ్య నాకిద్దరు పిల్లలు అని మొత్తుకున్నాడు. శ్రీవాణి నీళ్లగుంత మీదుగా దుమికి, మూలమలుపు చుట్టి రాకుండా గట్టెక్కి అడ్డం పడి ఉరికింది. దొంగ, దొంగ అని ఆటో అంతా ఒక్కటే గోల. ఆ గోలకు పిల్లకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉరికింది, ఉరకలేక ఒంగి మోకాళ్లు పట్టుకుంది. ఆటో దాటిపోయి ముందుగా మడి దగ్గర ఆగింది.

ఆనందం అట్లాగే చూస్తుండిపోయాడు. ఆమె చిన్నప్పటి నుంచి ఆ పరుగును చూస్తున్నాడు. ఇప్పుడు ఆ గట్టు మీద ఆమె అడుగు ఎంత తేలిగ్గా పడింది! భుజాలు ఎంత వదులుగా ఉన్నాయి! జగిత్యాలలో తను చూసింది గడియారాన్నే గానీ బిడ్డను కాదేమో అనిపించింది. నవ్వుతూ పరుగెత్తవచ్చని అతనికి ఇవాళే తెలిసింది.

ఓడినవాళ్లు మడిలో ఒక వరస, ఒక మునుం, నాటు వెయ్యాలని పందెం. శ్రీవాణి బూట్లతోనే మడిలోకి దిగింది. తర్వాత చూసుకుని నాలిక కరుచుకుని, విప్పి గట్టు మీద పెట్టింది. ఆమె వేసిన నాటు వరస పాము పోయినట్టు పోయింది. మొగిలవ్వ దాన్ని సరిచేస్తూ తలెత్తి, చెట్ల చాటున ఉన్న ఆనందాన్ని చూసింది.

"ఏం తమ్మీ, నాటెయ్యనీకి అచ్చినవా, బిడ్డకు కావలి అచ్చినవా?"

శ్రీవాణి చేతిలోని నారు అట్లాగే ఉండిపోయింది. మెల్లగా గట్టెక్కి తండ్రి ముందు నిలబడింది.

"గ్రౌండు తప్పిన బాపూ. పరుగు ఒక్కనాడు గూడ తప్పలే."

ఏం చేస్తున్నావని అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. ఒకనాడు ఈ ఆటోతో పందెం. ఒకనాడు వేములవాడ తోవ పట్టి, తోచినంత దూరం ఉరికి, బస్సుల్లో మొక్కులకు పోయేవాళ్లు చేతులూపితే తిరిగి ఊపి రావడం. ఒకనాడు వాడలో పిల్లలతో దొంగాట. చేతి గడియారం పెట్టెలో పెట్టిందట. ఇట్లాగే ఆడుకోమని మేడం అప్పుడే చెప్పిందట. ఇప్పుడు రేపెటు పోదామా అనుకుంటూ పండుకుంటోందట.

"మరి కోరుట్ల?" అన్నాడు ఆనందం.

"గిట్లుంటే పోత. రేపటి సంది మల్ల గ్రౌండే అంటే, నాకు పోబుద్ది కాదు బాపూ."

ఆనందానికి రాజన్న గుడి చుట్టూ తను ఎన్నోసార్లు తిప్పిన కోడెలు గుర్తొచ్చాయి. పలుపు బిగపట్టి గుంజితే మొరాయించి నిలబడతాయి. వదులు చేస్తే వాటంతట అవే నడుస్తాయి. అయినా మొక్కు మొక్కే. అబద్ధమాడి రాజన్న ముందుకు పోలేడు.

"నీ నాటు వంకర పోయింది. పోయి సక్కగ వెయ్యి," అని మోపెడ్ తిప్పుకున్నాడు.

మరుసటి తెల్లవారు సాంచా చప్పుడు వినబడకపోతే సరోజన కంగారుగా బయటికి వచ్చింది. భర్త వాకిట్లో ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటున్నాడు.

"మొక్కింది నేను. తిరిగేది గూడ నేనే," అన్నాడు ఆమె అడగకముందే.

గ్రౌండులో వాకింగుకు వచ్చినవాళ్లు అతన్ని వింతగా చూశారు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పక్క నుంచి రివ్వున పోతూ, కాకా జర పక్కకు అన్నారు. ఆనందం కొంత నడిచాడు, కొంత ఉరికాడు. ఉత్త కాళ్లకు మొరం గుచ్చుకుంది. అదే మూల, అదే గోడ, మళ్లీ అదే మూల. కాసేపట్లోనే కాళ్ల కంటే ముందు మనసు అలిసింది. ఇన్నేండ్లు బిడ్డ దీన్ని ఎట్లా ఓర్చుకున్నదో అనుకున్నాడు. స్వామీ, నా కాళ్లు నీకు సరిపోతాయా అని అడిగాడు. బిడ్డ కాళ్లను నా లెక్కలో వేసింది నా తప్పే గదా అని కూడా అన్నాడు.

అప్పుడే ప్రహరీ వెనక హారన్ మోగింది. వెంటనే ఆడవాళ్ల కేకలు, దొంగ, దొంగ అని అరుపులు, వాటి మీదుగా శ్రీవాణి నవ్వు. ఆనందం ఆగి చెవి రిక్కించాడు. ఎవరు గెలిచారో తెలియలేదు. నవ్వు మాత్రం కాలువ గట్టు వెంట చాలా దూరం వినబడింది.

తిరిగి అడుగు వెయ్యబోతే ఎన్ని చుట్లయ్యాయో గుర్తు రాలేదు. చుట్టూ చూశాడు. అడుగుదామంటే అతని చుట్లు లెక్కపెట్టినవాళ్లు ఎవరూ లేరు. దేవుని లెక్క, అందాజాగా చెప్పేది కాదు. ఆనందం గేటు దగ్గరికి పోయి, చేతులు జోడించి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.