రోడ్డు పక్క పడవ

మణుగూరు రోడ్డు మీద తుమ్మచెట్టు కింద పడవ పెట్టుకుని, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషిని చూసి నవ్వుకుంటూ పోయినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ మనిషి మా ఆయన జహూర్. వేసవి అంతా ఆయనకు అక్కడికే అన్నం మోసింది నేను, హాజిరాను. నవ్వినవాళ్ల మీద నాకేం కోపం లేదు. నాకే నవ్వు రావడం మానేసి చాలా రోజులైంది.

పడవ మా ఆయన చేతి పనే. ఊళ్లో అందరికీ తలుపులు, కిటికీలు, మంచాలు చేసే వడ్రంగి, తనకోసమని ముచ్చటపడి చేసుకున్నది ఇదొక్కటే. మా పెళ్లైన కొత్తలో మద్ది చెక్క కొని మొదలుపెట్టాడు. తెరచాప మాత్రం నాది. ఎరువుల బస్తాలు విప్పి, ఉతికి, రెండు వరసల కుట్టుతో నా మిషన్ మీద కుట్టాను. చిరిగినప్పుడల్లా అతుకు వేశాను. ఒక మూల మా అమ్మాయి మెహ్రీన్ బడి గౌను నీలం ముక్క కూడా ఉంది. దిగువ నుంచి గాలి తిరిగితే చాప ఎత్తి ఎగువకు పోవడం, వచ్చేటప్పుడు నీటివాలులో దిగిరావడం, అదీ ఆయన పని. సంతకు పోయే మేకలు, వెదురు మోపులు, పెళ్లివాళ్లు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, అందరూ ఈ పడవలోనే గోదావరి దాటారు. తరవాత వంతెన దాకా రోడ్డు బాగుపడింది, ఆటోలు వచ్చాయి, మిగిలిన పడవలకు ఇంజన్లు వచ్చాయి. మా పడవ ఎక్కేవాళ్లు లేకపోయినా, రోజూ దాన్ని తోమడానికి మా ఆయన మాత్రం ఉన్నాడు.

అమ్మాలని పట్టుబట్టింది నేనే. నిరుడు వరదలో తాడు తెగుతోందని మెడలోతు నీళ్లలోకి దిగాడీ మహానుభావుడు. పడవ దక్కింది, కుడి భుజం పోయింది. దవాఖానాలో డాక్టరు చెయ్యి ఎత్తమంటే అది చెవిదాకా కూడా లేవలేదు. ఇక తెడ్డు ముట్టుకోవద్దన్నాడు. దవాఖానా మెట్లు దిగుతూనే ఆయనకు చెప్పేశాను.

"మెహ్రీన్ అబ్బా, మళ్ల వరదొచ్చేసరికి అది మన ఒడ్డున ఉండొద్దు. ఉంటే నువ్వు మళ్ల దుంకుతవ్. నాకు తెల్వదా నీ సంగతి?"

"అమ్ముదం తీ," అన్నాడు. ఆఖరి మెట్టు దిగి, "గనీ నీళ్ల మీద నడిపేటోనికే," అన్నాడు.

ఆ మెలిక ఎందుకో నాకు తెలుసు. మా వైపు పడవలవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. పడవ అమ్మితే, కొన్నవాణ్ణి అందులో ఎక్కించుకుని ఏరు దాటించాలి. నడిమిట్లో చుక్కాని వాడి చేతికివ్వాలి. అవతలి ఒడ్డున దిగిపోయి, నేలమీద నడిచి ఇల్లు చేరాలి. అమ్మిన పడవలో అమ్మినవాడు తిరిగి రాకూడదు. వస్తే ఆ పడవ కొత్త చేతికి లొంగదంటారు. మా మామ కూడా తన పడవను అలాగే అప్పజెప్పి, తడిసిన కాళ్లతో ఇంటికొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదట. ఏరు దాటించకుండా పడవను అమ్మడమంటే మా ఆయన లెక్కలో శవాన్ని స్నానం లేకుండా సాగనంపడమే.

కానీ ఈ రోజుల్లో తెరచాప పడవ ఎవరికి కావాలి? కొత్తగూడెంలో ఉండే మెహ్రీన్ ఫోటోలు తీసి, పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టింది. ఫోన్లు బాగానే వచ్చాయి. ఒకడు పెళ్లికి ముందు ఫోటోలు దిగడానికి ఒక్క పూట కిరాయికిస్తారా అన్నాడు. ఇంకొకడు ఫ్రిజ్ ఇస్తాను, పడవిస్తారా అన్నాడు. మూడోవాడు పొద్దున్నే చేసి, దీనికి మైలేజీ ఎంత అన్నాడు. మా ఆయన ఫోన్ నాకిచ్చేసి బయటికి వెళ్లిపోయాడు.

రేవు దాకా వచ్చి చూసేవాళ్లే లేరని, ఉగాది వెళ్లగానే ట్రాక్టరు పెట్టి పడవను రోడ్డు మీదికి లాగించాడు. గీకి, నూనె పట్టించి, పచ్చ రంగు వేశాడు. తెరవెదురు కూడా నిలబెట్టి దానికి చాప చుట్టి కట్టాడు. నిజం చెప్పాలంటే అప్పుడది కొత్త పెళ్లికూతురిలా ఉంది. లారీలు ఆపి మరీ చూశారు. చూసి, టీ తాగి, పోయారు. ఒక నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. ఎండకు ఆయన మొహం కూడా చెక్క రంగుకు తిరిగింది.

వచ్చినవాళ్లలో నికరంగా బేరమాడింది అజ్మల్ ఒక్కడే. సారపాక దగ్గర బిర్యానీ హోటల్ అతనిది.

"హోటల్ ముందర పెడత చాచా. లోపల టేబుళ్లేస్త. పడవల కూసోని బిర్యానీ తిన్నట్టుంటది, పోరగాండ్లు ఎగబడుతరు," అన్నాడు. "అడుగు కొంచెం కోసేసి చదును జేస్తే కదలకుండ కూసుంటది."

"నీ కాళ్లు కోసి నిన్ను కూసోబెడత పో," అన్నాడు మా ఆయన.

ఆ రాత్రి తిండి దగ్గర నేను ఊరుకోలేదు. "కొనేటోడు ఒక్కడొస్తే వాన్ని గూడ తరిమితివి. ఇగ గోదారే వచ్చి కొంటదా?" అన్నాను. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. కోప్పడితే బాగుండేది. ఆ అలసట చూస్తే నా కోపానికే దిక్కు లేకుండా పోయింది.

మృగశిర వచ్చింది. మబ్బులు పట్టాయి. నాకు గుండెల్లో గుబులు మొదలైన రోజుల్లోనే భీమ్లా, అతని భార్య బాలి బండి మీద వచ్చారు. అవతలి ఒడ్డున తండా వాళ్లది. ఏటి మధ్య లంకలో కూరగాయలు వేస్తారు. ఇంజన్ పడవకు డీజిల్ పోయలేక చస్తున్నామని, గాలితో నడిచేదైతే మేలని వచ్చారు. మా ఆయన కుర్చీలోంచి లేచిన తీరు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీళ్లల్ల ఏసి చూపియ్యి భాయ్," అన్నాడు భీమ్లా. న్యాయమైన మాటే.

ట్రాక్టరుతో రేవుకు దింపారు. పడవ ముచ్చటగా తేలింది. భీమ్లా ఎక్కి అటూ ఇటూ నడిచాడు. ముందు చూసింది బాలి.

"ఓ అక్కా, నీళ్లొస్తున్నయ్!"

ఒకచోట కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, చెక్కకూ చెక్కకూ నడుమ ప్రతి సందులోంచీ ఊరుతున్నాయి. భీమ్లా గట్టుకు దూకాడు. మేం చూస్తుండగానే పడవ రేవులోనే అడుగున కూర్చుండిపోయింది. పచ్చ రంగు అంచులు, తెరవెదురు మాత్రం పైన మిగిలాయి.

చెక్క పడవ తడి మీద ఉన్నంతకాలమే బిగువుగా ఉంటుంది. ఎండలో పెడితే చెక్క ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. ఈ పాఠం ఊరందరికీ చెప్పింది మా ఆయనే. ఏ వేసవిలోనైనా రెండు రోజులు ఒడ్డుకు లాగితే తడి గోనెలు కప్పి, పసిబిడ్డను చూసినట్టు చూసేవాడు. అలాంటి మనిషి, అందంగా కనబడితే అమ్ముడుపోతుందని, దాన్ని వేసవంతా రోడ్డు పక్కన ఎండబెట్టాడు. విచ్చుకున్న సందుల్ని పైన వేసిన రంగు దాచింది. అంత అలిసిపోయి ఉన్నాడాయన.

"దానికి దాహమైంది భీమ్లా," అన్నాడు మోకాలిలోతు నీళ్లలో నిలబడి. "గట్లనే మునిగి ఉంటే చెక్క ఉబ్బుతది, సందులు పూడుకపోతయ్. మూడు నాలుగు రోజులాగు."

"మునిగిన పడవను అమ్మేటోన్ని నిన్నే చూస్తున్న భాయ్," అన్నాడు భీమ్లా. ఎగతాళిగా అనలేదు, బాధగానే అన్నాడు. "నా పెండ్లాం పిల్లలు ఎక్కేది గిది." బండి ఎక్కి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి నేనే అజ్మల్‌కు ఫోన్ చేశాను. శుక్రవారం నమాజుకు ముందే బండి, మనుషుల్ని తెచ్చి ఎత్తించుకుపోతానన్నాడు. మా ఆయనకు చెప్పాను.

"రమ్మను," అన్నాడు.

"అడుగు కోస్తడట మరి."

"కోసుకోనీ."

వేసవంతా నేను వినాలనుకున్న మాట అదే. విని, చేతిలో ఫోన్ బోర్లా పెట్టి బయటికి వెళ్లిపోయాను.

శుక్రవారం పొద్దున రేవుకు వెళ్లేసరికి గోదావరి రంగు మారి ఉంది. ఎగువ ఎక్కడో వానలు పడి ఎర్రనీళ్లు దిగుతున్నాయి. తాడు కట్టిన పడవ మునిగినచోటే ఉంది. దాని పక్కన బాలి నిలబడి ఉంది, వెనక మొహం మాడ్చుకుని భీమ్లా.

"అక్కా, పడవల సంగతి మాకు తెల్వదు గనీ," అంది బాలి, "ఎండకాలం ఎడ్లబండి చక్రాలు ఒదులైతే మేం గూడ కుంటల నానేస్తం. భాయ్ చెప్పింది గదే గదా అని ఈయన్ని గుంజుకొచ్చిన."

నలుగురం బకెట్లతో నీళ్లు తోడాం. మా ఆయన ఎడమచేత్తోనే తోడాడు. అంచులు లేచాయి, నడుం లేచింది, పడవ మెల్లగా నీళ్లమీదికి వచ్చింది. లోపలి తడిని గుడ్డతో తుడిచి అందరం చూస్తూ నిలబడ్డాం. సందులు మూసుకుపోయాయి. ఒక్క చుక్క ఊరలేదు. మా ఆయన అరచేత్తో అడుగంతా తడిమి, ఆ చెయ్యి భీమ్లాకు చూపించాడు. భీమ్లా దాన్ని తాకి చూసి తల ఊపాడు.

అప్పుడే అజ్మల్ బండి వచ్చి గట్టున ఆగింది. అందరూ నా వైపే చూశారు. మాటిచ్చింది నేను కదా.

"అజ్మల్ భాయ్, మాట తప్పుతున్న. తిట్టు, పడత," అన్నాను. "పడవ నడిపేటోళ్లు దొరికిండ్రు. నీ హోటల్‌కు పడవ లెక్కనే బల్లలు మా ఆయన చేసిస్తడు. అడుగు కోసే పని గూడ నీకుండదు."

అజ్మల్ తిట్టనే తిట్టాడు. తరవాత బల్లలు ఎన్ని రోజుల్లో అవుతాయని అడిగాడు.

బాలికి చాప మడతలు చూపించాను, ఏ కుట్టు ముందు పిగులుతుందో చెప్పాను. నీలం ముక్కను వేళ్లతో సాపు చేశాను. "ఇది చినిగితే పారెయ్యకు చెల్లె, నాకు పంపు," అన్నాను. భీమ్లా తాడు లాగితే చాప లేచింది. మా ఆయన చుక్కాని దగ్గర కూర్చున్నాడు. దిగువ గాలి అందుకోగానే పడవ ఒడ్డు విడిచింది. నడి ఏట్లో ఇద్దరూ చోటు మారడం నాకు ఇటు నుంచే కనబడింది. ఇన్నేళ్లలో ఆ పడవలో మా ఆయన ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

తిరిగి నడిచి రావాలన్నది ఆనవాయితీ. ఆ రోజుల్లో ఎండాకాలం ఏరు నడిచే దాటేవాళ్లు; ఇప్పుడేమో ఎర్రనీళ్లు, వంతెన ఎంతో దూరం, ఆయన మోకాళ్లూ మునుపటిలా లేవు. నేలమీద రావాలన్నారు కానీ ఆటో ఎక్కొద్దని ఎవరూ అనలేదు కదా అని, భద్రాచలం వంతెన మీదుగా చుట్టు తిరిగి అవతలికి వెళ్లాను. రేవు పైన టీ బండి దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది. ఎగువన చాప అప్పటికే రుమాలంత అయింది.

ఇద్దరం ఆటో ఎక్కాం. నేను గెలిచాను. వరదొస్తుంది, మా ఆయన ఇంట్లో ఉంటాడు, అంతకన్నా నాకేం కావాలి? అలా అనుకుంటూనే పక్కకు చూశాను. ఆటో మలుపు తిరిగినప్పుడల్లా, మోకాలి మీద ఉన్న ఆయన కుడిచెయ్యి, ఆ పాడైన చెయ్యే, తిరగాల్సిన వైపుకు ఎదురుగా చుక్కాని నెట్టినట్టు తనంతట తానే కదులుతోంది. కుడి మలుపుకు ఎడమకు, ఎడమ మలుపుకు కుడికి. ఆయనకా సంగతి తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. మొహం బయటికి తిప్పుకుని కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి ఆగలేదు.